దూరం నుంచి నాడి పట్టడం

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు, ముదిగుబ్బ గురించి రాస్తానన్నాను. "ముదిగుబ్బలో ఏముంది సార్, బస్సులు ఆగే సర్కిల్ తప్ప?" అని నవ్వారు. నిజమే, చెప్పుకోదగ్గ చరిత్ర పుస్తకాల్లో ఆ ఊరి పేరు కనపడదు. అయితే నా ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్న అసలు విద్య అక్కడే అబ్బింది. అదేమిటంటే, కంటికి కనపడని యంత్రం బతికి ఉందా, చచ్చిందా, మూర్ఛపోయిందా అని దూరాన కూర్చుని తేల్చుకోవడం. ఇవాళ దీన్ని రిమోట్ మానిటరింగ్ అంటున్నారు. మేము దానికి పేరు పెట్టకముందే ఆ పని చేశాం. సరిగా చేయని రోజులు కూడా ఉన్నాయి, అవి కూడా రాస్తాను.

ముదిగుబ్బ అప్పట్లో అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అనంతపురం నుంచి కదిరి పోయే రోడ్డు మీద, ధర్మవరం నుంచి పాకాల పోయే రైలు దారి మీద ఉంటుంది. చుట్టూ వేరుశనగ చేలు, గుట్టలు, ఎండిన వంకలు. సంవత్సరానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మామూలు సంవత్సరం అనుకునే జిల్లా అది. వాన లేకపోవడానికి టెలిఫోనుకు ఏమిటి సంబంధం అంటారేమో. చాలా ఉంది, వస్తాను.

నేను 1979లో టెక్నీషియన్‌గా చేరేనాటికి మనది ఇంకా తంతి తపాలా శాఖే. టెలికాం శాఖ విడిపోయింది 1985లో. ఊళ్ల మధ్య మాట స్తంభాల మీది రాగి తీగల మీద పోయేది. ప్రతి ఉదయం ట్రంకు లైన్లు పరీక్షించడం మొదటి పని. తీగకు వచ్చే జబ్బులు ప్రధానంగా మూడే: తీగ నేలకు తగలడం, రెండు తీగలు ఒకదానికొకటి తగలడం, తీగ తెగిపోవడం. మన భాషలో ఎర్త్, కాంటాక్టు, డిస్కనెక్షన్. చివరివరకూ నడిచి చూడకుండా జబ్బు ఎక్కడుందో కనుక్కోవడానికి బల్ల మీద ఒక వీట్‌స్టన్ బ్రిడ్జి ఉండేది.

కొత్తవాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. మైలుకు 300 పౌండ్ల తూకం ఉన్న రాగి తీగ జంటకు కిలోమీటరుకు మూడున్నర ఓములకు కొంచెం పైగా నిరోధం ఉంటుంది. రెండు తీగలు ఎక్కడో పెనవేసుకున్నాయనుకోండి. ఈ చివర నుంచి కొలిస్తే 40 ఓములు వచ్చింది. అంటే తగులుకున్న చోటు పదకొండు కిలోమీటర్ల దగ్గర. ఎర్త్ అయితే మంచి తీగను తోడు తీసుకుని వార్లీ పద్ధతిలో లెక్క కట్టాలి. తీగ పూర్తిగా తెగితే కరెంటు తిరిగి రాదు కాబట్టి ఈ లెక్క పనికిరాదు, వేరే పరీక్ష కావాలి. ఇంత చిన్న విద్యతో పదకొండు కిలోమీటర్ల అవతల ఉన్న జబ్బును కుర్చీలోంచి కదలకుండా చెప్పేవాళ్లం. పందొమ్మిదో శతాబ్దపు తంతి ఇంజనీర్లు మనకు ఇచ్చిపోయిన ఆస్తి ఇది.

అయితే నా మొదటి వేసవిలోనే లెక్క తప్పింది. లైన్‌మన్‌ను నేను చెప్పిన స్తంభం దగ్గరికి పంపితే అక్కడ ఏమీ లేదు. మధ్యాహ్నం ఎండలో వెనక్కి నడుస్తూ వచ్చి దాదాపు కిలోమీటరు ఇవతల పట్టుకున్నాడు. సాయంత్రం వచ్చి సైకిలు గోడకు ఆనించి, "సార్, మీ బ్రిడ్జికి ఎండ తగలదు, తీగకు తగులుతాది" అన్నాడు. ఆయన చదువు ఐదో తరగతి. ఆయన చెప్పిందే పుస్తకంలోనూ ఉంది. వేడి ఒక్క డిగ్రీ పెరిగితే రాగి నిరోధం నూటికి 0.4 వంతు పెరుగుతుంది. 20 డిగ్రీల లెక్కతో 42 డిగ్రీల తీగను కొలిస్తే నూటికి తొమ్మిది వంతుల దాకా తేడా. పదకొండు కిలోమీటర్లకు అది సరిగ్గా ఆయన నడిచిన కిలోమీటరే. అప్పటి నుంచి కొలిచే ముందు బయటికి వచ్చి ఎండ ఎంతుందో చూసే అలవాటు చేసుకున్నాను.

తర్వాత స్ట్రౌజర్ యంత్రాలు. 1891లో పేటెంటు తీసుకున్న ఆల్మన్ స్ట్రౌజర్ అమెరికాలో శవసంస్కారాల వ్యాపారి అన్న సంగతి మనందరికీ శిక్షణలో చెప్పినదే, మళ్లీ చెప్పను. చిన్న ఊళ్లలో ఆ ఆటోమేటిక్ ఎక్స్‌ఛేంజి ఒక గదిలో తాళం వేసి ఉండేది. లోపల ఉంటే చెవితోనే రోగం తెలిసిపోయేది, ఏ సెలెక్టరు టకటకలో తేడా ఉందో వింటే చాలు. బయట ఉంటే ఏమీ తెలియదు. ఎవరో చందాదారు 198కి ఫిర్యాదు చేస్తేనే తెలుస్తుంది. ఊరంతటి ఫోన్లూ ఒకేసారి ఆగిపోతే ఫిర్యాదు చేయడానికి కూడా ఫోను ఉండదు కదా! అందుచేత పెద్ద జబ్బు వచ్చినప్పుడే ఫిర్యాదుల పుస్తకం ఖాళీగా ఉండేది. పై అధికారి ఒకాయన ఆ ఖాళీ పేజీ చూసి నన్ను మెచ్చుకున్న రోజు ఒకటి ఉంది. ఆ ఊరు రెండు రోజులుగా మూగబోయి ఉందని ఆ సాయంత్రం బస్సు కండక్టరు చెబితే తెలిసింది.

దూరాన ఉన్న యంత్రం మౌనం చాలా రకాలుగా ఉంటుందని నాకు అప్పుడే అర్థమైంది. తీగ తెగితే మౌనం. బ్యాటరీ దిగిపోతే మౌనం. యంత్రం పాడైతే మౌనం. ఊళ్లో ఎవరికీ మాట్లాడాల్సిన పని లేకపోయినా మౌనమే. ఈ నాలుగింటిని విడదీయడం కోసమే ఆ తర్వాత వచ్చిన యంత్రాలన్నీ పుట్టాయని నా అభిప్రాయం.

పల్లెలకు రేడియో ఫోన్లు పెట్టిన కాలం దీనికి పెద్ద సాక్ష్యం. ఎం.ఎ.ఆర్.ఆర్. అనేవాళ్లం. పదిహేను ఊళ్లు రెండు రేడియో మార్గాలను పంచుకునే ఏర్పాటు. ఒక పల్లెలో వారం రోజులు కాల్ లేదంటే సోలార్ పలక మీద దుమ్ము పేరుకుందా, యాంటెన్నా గాలికి తిరిగిందా, ఫోను పెట్టిన ఇంటాయన వలస పోయి తాళం వేశాడా అన్నది ఇక్కడి నుంచి తెలిసేది కాదు. కరువు సంవత్సరాల్లో మూడోదే ఎక్కువ. బెంగళూరు పనులకు పోయినవాళ్ల ఇళ్లలో ఫోను మోగుతూనే ఉండేది, ఎత్తేవాళ్లు లేరు.

1984లో సీ-డాట్ ఏర్పడింది. శ్యామ్ పిట్రోడా గారి పేరు అప్పుడు పేపర్ల నిండా ఉండేది. పెద్ద పట్నాలకు ఫ్రెంచి పరిజ్ఞానంతో ఈ-10బి ఎక్స్‌ఛేంజీలు వచ్చాయి, వాటిని మన్కాపూర్‌లో ఐ.టి.ఐ. తయారుచేసింది. వాటికి ఏసీ గది తప్పనిసరి. మన పల్లెలకు ఏసీ ఎక్కడిది? కరెంటే పూటకోసారి వచ్చేది. సీ-డాట్ వాళ్లు చేసిన 128 పోర్టుల గ్రామీణ ఎక్స్‌ఛేంజి, అదే మన ర్యాక్స్, ఏసీ అక్కర్లేకుండా దుమ్ములో, ఎండలో పనిచేసింది. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. ఒక బీరువా అంత ఉంటుంది. గాడ్రెజ్ బీరువా వచ్చిందేమో అనుకుని ఊళ్లో పెళ్లి ఎవరిదని అడిగినవాళ్లు నాకు తెలుసు.

ర్యాక్స్ వచ్చాక మా ఉదయపు పూజ మారింది. పేరెంట్ ఎక్స్‌ఛేంజిలో కూర్చుని, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, మా కింద ఉన్న ఒక్కొక్క ర్యాక్స్‌కూ డయల్ చేసేవాణ్ణి. అవతల రింగు వినిపిస్తే బతికి ఉంది. వెంటనే ఎంగేజి టోను వస్తే జంక్షన్లు నిండాయి, లేదా ఇరుక్కుపోయాయి. ఏ టోనూ లేకుండా చెవిలో గాలి మాత్రమే వినిపిస్తే లింకు పోయింది, లేదా బ్యాటరీ పడిపోయింది. ఆ రెండింటిలో ఏదో తేల్చడానికి రైల్వే స్టేషన్ నాకు చాలాసార్లు పనికొచ్చింది. రైల్వే వాళ్ల కంట్రోల్ తీగలు వేరు. స్టేషన్ వైపు నుంచి ఊళ్లో కరెంటు ఉందో లేదో కబురు తెప్పించుకునేవాణ్ణి. ఇది ఏ మాన్యువల్‌లోనూ లేని పద్ధతి. కరెంటు లేదంటే బ్యాటరీ జబ్బు, ఉందంటే లింకు జబ్బు. దాన్నిబట్టి జీపులో హైడ్రోమీటరు పెట్టాలా, కేబుల్ సామాను పెట్టాలా అని నిర్ణయం. తప్పు సామానుతో పోతే ముప్పై కిలోమీటర్లు మళ్లీ వెనక్కి.

ఇప్పుడు వాన సంగతి. ఎక్స్‌ఛేంజికి 48 వోల్టుల బ్యాటరీ, అంటే రెండు వోల్టుల సెల్లులు 24. దాని ప్లస్ కొనను భూమికి కలుపుతాం. ఆ భూమి సరిగా లేకపోతే లైన్ల మీద రొద వస్తుంది, తొలకరి ఉరుములకు కార్డులు కాలిపోతాయి. ముదిగుబ్బ వైపు నేల రాయి, పైన గరుసు. వేసవిలో ఎర్త్ గుంతలో తేమ చుక్క ఉండదు. ఉప్పు, బొగ్గు వేసి రోజూ నీళ్లు పోస్తేనే నిరోధం దిగుతుంది. ఒక మే నెలలో మజ్దూరు రెండు కడవల నీళ్లు తెచ్చి గుంతలో పోస్తుంటే, ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి నిలబడ్డ ఆడవాళ్లు చూశారు. అందులో ఒక పెద్దావిడ దగ్గరికి వచ్చి, "ఏం సామీ, తాగేదానికే నీళ్లు లేకుంటే నువ్వు గుంతలో పోస్తాండావే" అంది. పిడుగుల సంగతి, కార్డు ఖరీదు సంగతి చెప్పబోయాను. ఆమె వినలేదు, వినాల్సిన అవసరం కూడా లేదు. మరుసటి రోజు నుంచి ఆ నీళ్లను చీకటి పడ్డాక పోయించాను. ఆ విషయంలో నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది, కానీ ఆ సంవత్సరం కార్డులు కాలలేదు.

తొంభైల్లో తెరలు వచ్చాయి. సీ-డాట్ పెద్ద ఎక్స్‌ఛేంజీలో అలారం డిస్‌ప్లే ప్యానెల్ అని ఒక పలక ఉండేది. వరుసల దీపాలు, ఎన్ని లైన్లు చెడ్డాయో చెప్పే అంకెలు, నోరు మూయించడానికి మీట. వీడీయూ మీద కమాండు కొడితే ఎక్కడో దూరాన ఉన్న ఊళ్లో ఒక చందాదారు లైను పరీక్ష జరిగి ఫలితం తెర మీద పడేది. మొదటిసారి చూసినప్పుడు నేను లేచి నిలబడ్డాను. వార్లీ టెస్టు చేసిన చేతులకు అది ఇంద్రజాలమే. ప్రపంచంలో కూడా అదే కాలం. వేర్వేరు కంపెనీల యంత్రాలను ఒకే భాషలో పలకరించడానికి ఎస్.ఎన్.ఎం.పి. అనే పద్ధతి 1988లో వచ్చింది. దాన్ని ఇవాళ ఆఫీసు ప్రింటర్లలో సైతం వాడుతున్నారు.

ఆ తర్వాతే నాకు ఇబ్బంది కలిగించే అధ్యాయం మొదలైంది. దూరపు ఊళ్లకు రెండు రకాల పెట్టెలు పెట్టవచ్చు. ఆర్.ఎస్.యు. అనేది పెద్ద ఎక్స్‌ఛేంజి నుంచి పోయిన కొమ్మ. మధ్యలో లింకు తెగినా అది సొంత తెలివితో ఆ ఊరి కాల్‌ను ఆ ఊళ్లోనే కలుపుతుంది. ఏఎన్-ర్యాక్స్ అలా కాదు. అది లైన్లను మూటగట్టి పెద్ద ఎక్స్‌ఛేంజికి మోసుకుపోయే కూలీ మాత్రమే. కలపడం అంతా అక్కడే. పక్కింటికి ఫోన్ చేసినా ఆ మాట ముప్పై కిలోమీటర్లు పోయి తిరిగి రావాలి. మనకు దీంతో లాభాలు ఉన్నాయి. బిల్లింగు, సౌకర్యాలు, మెయింటెనెన్సు అన్నీ ఒకేచోట, పల్లెలో ఎవరూ కూర్చోనక్కర్లేదు. పాత 256 పోర్టుల ర్యాక్స్‌లో కొన్ని కార్డులు మారిస్తే అదే ఏఎన్-ర్యాక్స్ అయ్యేది. మా ప్రాంతంలో కొన్నింటికి నేనే నా చేతులతో కార్డులు మార్చాను, సంతోషంగానే మార్చాను.

ఊరి పేరు చెప్పను. రోడ్డు పనికి తవ్వే యంత్రం రాత్రి పూట ఫైబర్ కోసేసింది. నా తెర మీద లింకు ఫెయిల్ అని ఎర్రగా వచ్చింది. పొద్దున చూద్దాం అనుకుని రాసుకున్నాను. ఆ రాత్రే ఆ ఊళ్లో ఒకాయనకు గుండెనొప్పి వచ్చింది. కొడుకు రెండు వీధుల అవతల ఉన్న ఆర్.ఎం.పి. డాక్టరుకు ఫోన్ చేయబోతే డయల్ టోను లేదు. చీకట్లో పరుగెత్తి పోయి పిలుచుకొచ్చాడు, తర్వాత జీపులో కదిరికి తీసుకుపోయారు. ఆయన బతికాడు. వారం తర్వాత నేను ఆ ఊరికి పోతే మంచం మీద కూర్చుని అడిగాడు: "మా ఊర్లోంచి మా ఊర్లోకే మాట పోవల్లంటే, యాడో రోడ్డుకాడ తెగిన తీగతో ఏం పని సార్? ముందు ఉన్న పెట్టెకి ఈ రోగం లేదే."

నా దగ్గర జవాబు లేదు. ముందు ఉన్న పెట్టెకు నిజంగానే ఆ రోగం లేదు. లింకు తెగినా పాత ర్యాక్స్ ఊరి కాల్స్ ఊళ్లోనే కలిపేది. దూరం నుంచి అన్నీ చూడగలగడం కోసం ఊరికి ఉన్న కాస్త స్వతంత్రాన్ని మేము తీసుకున్నాం. దానికి ఎవరి సంతకమూ అడగలేదు. ఇదంతా ఒక శాఖ మీద ఫిర్యాదుగా రాయడం లేదు. నాకు ఆ రోజు ఆ తేడా తెలుసు, కార్డు మార్చేటప్పుడు ఆలోచించలేదు, అంతే. ఆ తర్వాత ఎక్కడ ఏ పెట్టె పెట్టాలన్న చర్చ వచ్చినా, లింకు పోతే ఊళ్లో ఏం మిగులుతుంది అని అడిగేవాణ్ణి. రెండుసార్లు నా మాట చెల్లింది, చాలాసార్లు చెల్లలేదు.

2000 అక్టోబరు 1న మనం బీఎస్ఎన్ఎల్ అయ్యాం, 2002లో మన సెల్ సేవ మొదలైంది. టవర్ల కాలంలో అలారాలు జాతరలాగా వచ్చిపడ్డాయి. మెయిన్స్ ఫెయిల్, బ్యాటరీ లో, హై టెంపరేచర్, డోర్ ఓపెన్. వందల కిలోమీటర్ల అవతల నగరంలో ఓ.ఎం.సి.లో కూర్చున్న కుర్రవాడికి గుట్ట మీది షెల్టరు తలుపు తెరిచి ఉందని తెలుస్తుంది! ఒక సైటులో ఆ తలుపు మీట వంగిపోయింది. గాలి వీచినప్పుడల్లా డోర్ ఓపెన్. రాత్రిళ్లు నాలుగైదుసార్లు ఫోన్లు. మూడుసార్లు మనిషిని పంపాం, ఏమీ లేదు. చివరికి ఆ అలారాన్ని మాస్క్ చేయమని చెప్పాం. చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. మీట ఖరీదు కొద్ది రూపాయలు, దాన్ని మార్చడానికి ఆ నెలలో మనిషి దొరకలేదు. నెల తిరక్కుండానే బ్యాటరీలు ఎత్తుకుపోయారు. తలుపు బార్లా తెరిచే పోయారట. తెర మీద మాత్రం అంతా పచ్చగా ఉంది.

నేను 2017లో రిటైరయ్యాను. స్వచ్ఛంద పదవీ విరమణ పథకంలో 2020 జనవరి 31న ఒకేరోజు దేశం మొత్తం మీద డెబ్బై ఎనిమిది వేల మందికి పైగా ఇళ్లకు వెళ్లారు. ఈ సంచిక చదివేవాళ్లలో ఆ రోజు దండలు వేయించుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. మాకు సైకిలు మీద తీగ వెంట నడిచి స్తంభం నంబరు చెప్పిన లైన్‌మన్ల తరం అంతకు ముందే పోయింది. ఆ ఎండ లెక్క చెప్పిన ఆయన కూడా లేడు.

ఈ మధ్య అనంతపురం నుంచి కదిరి పోతూ ముదిగుబ్బలో ఒక బంధువుల ఇంట్లో దిగాను. ఇప్పుడు కరెంటు స్తంభాల మీద ఫైబర్ పోతోంది. రాష్ట్ర ప్రభుత్వపు ఫైబర్‌నెట్‌కు కంట్రోల్ కేంద్రం విశాఖపట్నంలో ఉంది. ఊళ్లలో ప్రైవేటు ఆపరేటర్లు కూడా ఉన్నారు. బంధువుల పక్కింట్లో నెట్ రావడం లేదని ఒక కుర్రవాడు వచ్చాడు. సెల్‌ఫోనులో చూసి, "మైనస్ ఇరవై రెండు, లైటు బాగానే వస్తాంది పెద్దాయనా, ఫైబర్ తెగలే" అన్నాడు. మరి ఎందుకు ఆగింది అని అడిగాను. ఇంటి డబ్బాకు కరెంటు పోయే ఆ ఒక్క క్షణంలో అది తన ఆఖరి శ్వాస అనే సంకేతం పంపుతుందట. ఇంగ్లీషులో డైయింగ్ గ్యాస్ప్ అంటారు. ఆ సంకేతం వచ్చి మౌనమైతే కరెంటు జబ్బు, రాకుండా మౌనమైతే తీగ జబ్బు. నేను స్టేషన్ నుంచి కబురు తెప్పించుకుని తేల్చుకున్న సంగతిని ఆ డబ్బా చచ్చేముందు తానే చెప్పి చస్తోంది.

"పొద్దున తొమ్మిదీ పదికి ఆఖరి శ్వాస వచ్చింది. ఆ ముందురోజు కూడా అదే టైము, ఆ వెనక రోజు కూడా" అన్నాడు కుర్రవాడు తల గోక్కుంటూ. లోపలికి పోయి చూశాం. ఇంటావిడ ఆ ప్లగ్గు పీకి, అక్కడ మిక్సీ పెట్టి చట్నీ రుబ్బుతోంది.